ముందొచ్చినవాడు

"ఆ మిషను మీద చెయ్యెయ్యకమ్మాయ్. అది నేను తీసుకుంటున్నా."

ప్రత్యూష ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. గవర్నర్‌పేటలో పాత కుట్టు మిషన్లు అమ్మే ఇరుకు కొట్టు అది. గోడ వారగా స్టూలు మీద డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఒకడు కదలకుండా కూర్చుని ఉన్నాడు.

"అదేంటండీ, పొద్దున ఫోన్ చేస్తే ఉందన్నారుగా?" అని కొట్టు యజమాని ఏడుకొండలుని నిలదీసింది.

ఏడుకొండలు తల గోక్కున్నాడు. "ఉందమ్మా. కానీ ఈ బాలశౌరి గారు నీకంటే ముందొచ్చి కూర్చున్నారు. మీరూ మీరూ తేల్చుకోండి. నేను టీ చెప్పొస్తా" అంటూ మెట్లు దిగి జారుకున్నాడు.

తోలు కుట్టే మిషను కోసం ప్రత్యూష నెల రోజులుగా ఊరంతా తిరుగుతోంది. గుణదలలో గది తీసుకుంది. పెద్ద బల్ల చేయించింది. తోలు కోసే కత్తులు, బెజ్జాలు పొడిచే ఆరెలు, చెక్క సుత్తి గోడకి తగిలించేసింది. సోమవారం నుంచి ఇద్దరు ఆడవాళ్ళని పనిలోకి రమ్మని కూడా చెప్పింది. ఇంట్లో ఉన్న టైలరింగ్ మిషనేమో రెండు పొరల తోలు చూడగానే మొరాయించింది.

"బాబాయ్, నాకిది చాలా అవసరమండీ" అంది బతిమాలుతున్నట్టు.

"నాకూ అవసరమే."

"మీరేం కుడతారు దీంతో?"

"ముందు నువ్వేం కుడతావో చెప్పు."

ప్రత్యూష భుజానికున్న సంచి తీసి ఆయన చేతికిచ్చింది. పెడనలో వాళ్ళ నాన్న నేసిన గుడ్డ, దానికి తోలు అడుగు, తోలు పట్టీలు. బాలశౌరి ఆ గుడ్డ రంగు వంక చూడనే లేదు. కుట్టు వెంట బొటనవేలు మెల్లగా నడిపించాడు.

"చేత్తో కుట్టావా?"

"అవునండీ."

"ఎన్నాళ్ళకి తెగుద్ది?"

ఒళ్ళు మండిపోయింది ప్రత్యూషకి. అయినా అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఆర్నెల్లకి. పట్టీ మొదట్లో, ఇదిగో ఇక్కడ. అక్కడ నాలుగు పొరలున్నాయి. నా చేతికి అంత బిగువు రావట్లేదు. అందుకేగా మిషను కోసం వచ్చాను!"

ఆయన సంచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఈ మిషను నీకొద్దులే. ఒట్టి మొండిది. వానాకాలం బిగుసుకుపోద్ది. నాలుగో పొర పెట్టావా, సూది ఇరిగిపోద్ది. పోయి కొత్తది కొనుక్కో."

"కొత్తది కొనగలిగితే ఈ సందులో నాకేం పనండీ? అయినా ఇన్ని వంకలు పెడుతున్నారే, మరి మీకెందుకది?"

బాలశౌరి గడ్డం నిమురుకుని, "సరే, ఓసారి తొక్కి చూపించు" అన్నాడు.

ప్రత్యూష పంతంగా కూర్చుంది. తన హ్యాండ్‌బ్యాగులోంచి తోలు ముక్కలు తీసి నాలుగు పొరలు పేర్చి, తొక్కింది. మూడు కుట్లు పడ్డాయి. నాలుగోదానికి టప్‌మని సూది విరిగింది.

"చెప్పానా?" అన్నాడాయన. ఆ గొంతులో సంతోషం ఏమీ లేదు.

ప్రత్యూష లేవలేదు. తోలు తీసేసి మిషనుని ఖాళీగా తొక్కుతూ, తల పక్కకి వంచి వింది. మగ్గం చప్పుడులో తేడా వస్తే వంటింట్లోంచే పసిగట్టే ఇంట్లో పెరిగిన పిల్ల.

"తప్పు సూదిది కాదండీ. లోపలెక్కడో వదులైంది. తిరిగినప్పుడల్లా రెండు దెబ్బలు వినబడుతున్నాయి. ఒక్కటే వినబడాలి."

బాలశౌరి స్టూలు మీంచి ముందుకి వంగాడు. "ఏ పక్క?"

"ఎడమ పక్క. బాబిన్ కింద."

బల్ల మీదున్న స్క్రూడ్రైవర్ అందుకుని, మిషను పక్కకి వాల్చి, వదులైన మరమేకు బిగించింది. ఏళ్ళ తరబడి పేరుకున్న తోలు పొట్టుని చున్నీ అంచుతో తుడిచింది. రెండు చుక్కలు నూనె వేసింది. కొత్త సూది ఎక్కించి మళ్ళీ తొక్కింది. ఈసారి ఒకటే చప్పుడు. నాలుగు పొరల మీద కుట్టు బియ్యపు గింజలు పేర్చినట్టు సాగింది.

ముక్క కత్తిరించి ఆయన చేతిలో పెట్టింది. బాలశౌరి ముందు వైపు తడిమాడు, తిప్పి వెనక వైపు తడిమాడు. బొటనవేలు చాలాసేపు ఆ కుట్టు మీదే ఉండిపోయింది.

"శనివారం శనివారం నూనె వెయ్యి" అన్నాడు చివరికి. "వానల్లో పొడిగుడ్డ కప్పు. ప్లాస్టిక్ కప్పావో, తుప్పు పట్టుద్ది."

"నాకెందుకు చెబుతున్నారండీ?"

"పట్టుకెళ్ళేది నువ్వేగా!"

ఆయన లేచి నిలబడి సంచి తిరిగిచ్చాడు. "ఆ పట్టీలు విప్పి మళ్ళీ కుట్టు. నేనుండేది గుణదల. కొండ కింద బాలశౌరి ఇల్లంటే ఎవరైనా చెబుతారు. పట్టుకురా, ఎట్టా కుట్టావో చూస్తా."

పోతూ పోతూ మిషను చక్రం మీద ఓసారి అరచెయ్యి ఆనించాడు. తర్వాత మెట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ దిగి, రోడ్డు మీద ఆటోల మధ్య కలిసిపోయాడు.

ఏడుకొండలు మూడు టీలు పట్టుకుని వచ్చేసరికి ప్రత్యూష కళ్ళు తుడుచుకుంటోంది.

"పాపం, ముందొచ్చి కూడా నాకొదిలేసి వెళ్ళిపోయారండీ. నాకే ఏదోలా ఉంది. ఆయనకి ఇలాంటిదే ఇంకోటి చూసిపెట్టండి. నేనూ వెతుకుతాను."

"ఇంకోటి ఆయనకెందుకమ్మా?" ఏడుకొండలు నవ్వుతూ టీ అందించాడు. "ఐదు నెలల్నుంచీ కొనడానికొచ్చిన ప్రతివాళ్ళతోనూ ఇట్టాగే తగాదాపడి పంపించేస్తున్నారు. చూపు ఆనకపోబట్టి అమ్మకానికి పెట్టారు గానీ, అది ఆయన మిషనే!"