ద్వారబంధం మీద గీత

శత్రువుల ఇళ్ళలాంటివి కట్టడం, కొత్త నిప్పుబాంబు వేస్తే ఎంతసేపట్లో తగలబడతాయో చూడటం, బూడిద ఎత్తిపోసి మళ్ళీ కట్టడం. యుద్ధం మొదలైనప్పటినుంచీ వడ్రంగికి ఇదే పని.

రేపు కాల్చబోయే ఇంటిని ఓసారి చూసుకుందామని చీకటిపడ్డాక లాంతరుతో లోపలికి వెళ్ళాడు. ద్వారబంధం మీద మళ్ళీ పెన్సిల్ గీత. ఎదిగే పిల్లల్ని నిలబెట్టి కొలిచే గీత. పోయిన నెల కాలిపోయిన ఇంట్లో అది అతని నడుము దాకానే ఉండేది. ఇప్పుడు ఛాతీ దాకా వచ్చింది.

"ఒరేయ్ తమ్ముడూ, ఇది నువ్వు గీశావా?" అని బయటున్న కాపలావాణ్ణి కేకేశాడు.

"నాకేం పనిలేదా అన్నా? అయినా ఇక్కడ పిల్లలెవరున్నారు?"

నిజమే. కలప కూడా కొత్తదే. పొద్దున తనే చిత్రిక పట్టాడు.

గొణుక్కుంటూ మళ్ళీ చిత్రిక పట్టి గీతను చెక్కేశాడు. చిత్రిక చప్పుడు ఆగింది. ద్వారబంధానికి చిన్న వీపేదో ఆనుకుంది. అతని మోచేతి పక్కనే ఎవరో ఊపిరి బిగబట్టి, తన ఎత్తు మళ్ళీ కొలుస్తాడని నిటారుగా నిలబడ్డారు.