కిటికీ లేని ఇల్లు

నమస్తే అందరికీ, వినిపిస్తోందా? ఇరవై ఏళ్ల కిందటి కమలాపురం సంగతి చెబుతాను.

ఊళ్లో ఒక ముఠాకు నాయకుడైన ఓబుళేశు, కొత్తగా ఆర్కిటెక్టయిన శిల్ప చేతిని బల్లకేసి అదిమి, వేళ్లమీద వేటకొడవలి ఆనించాడు.

"నా పగోనికీ ఇల్లు గీసినావంట కదా! వాడు యాడ పండుకుంటాడో మళ్లీ గీసి చూపించు. లేకుంటే ఈ వేళ్లుండవు."

చూపుడువేలు తెగి నెత్తురు కారుతుండగానే శిల్ప రెండో చేత్తో పెన్సిలు పట్టుకుని గీసింది.

ఓబుళేశు పగలబడి నవ్వాడు. "పడకగదికి ఒక్క కిటికీ లేదు! మంచం పక్కనే దొంగ తలుపు! చూడండ్రా, నేనంటే వానికి ఎంత భయమో! ఇది ఇల్లా, ఎలక బొక్కా?"

వెంట వచ్చినవాళ్లూ నవ్వారు.

"ఇది ఆయన ఇల్లు కాదన్నా. పోయిన నెల మీరు దగ్గరుండి గీయించుకున్న మీ ఇల్లే."

నవ్వులు ఆగిపోయాయి. నెత్తురంటిన కాగితాన్ని ఓబుళేశు దగ్గరికి లాక్కుని చూశాడు. కొడవలి వేళ్లమీది నుంచి తీశాడు.

"వాని ఇంటికి కిటికీలుండాయా, పాపా?"

"ఆయనా వద్దన్నాడన్నా."

మీకు తెలిసినవాళ్లలో పగబట్టినవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ కథ వాళ్లకు పంపండి.