చొక్కా అంచు

"దాన్ని కొనకు చెల్లెమ్మా," అన్నాడు దుకాణంలో చలికాచుకునే స్టవ్ పక్కన నిలబడ్డ మనిషి.

నోరా చేతిలో పాత వేట రైఫిల్ ఉంది. దాని వాల్‌నట్ కర్రపిడి తేనెరంగులో మెరుస్తోంది. పెళ్లయి పదహారు రోజులు. రేపు అత్తవారితో మొదటి జింకల వేట. ఆమె కంటికి అది నగలా ఉంది.

"ఎందుకండీ?"

"సేఫ్టీ మీట తీయగానే దానంతటదే పేలుతుంది. వేలితో పనిలేదు."

భర్త ఆర్వో నవ్వాపుకుంటూ చెవిలో అన్నాడు. "ఆయన చొక్కా వెనక చూడు."

ఎర్రగళ్ల చొక్కా. వెనక అంచు చదరంగా కత్తిరించి ఉంది.

"గురి తప్పిన బాపతు. తప్పినవాడి చొక్కా అంచు కోసి వేట గుడిసె గోడకు కొడతాం. ఈయన మనకు పాఠాలు చెబుతున్నాడు."

ఆ మనిషికి వినబడింది. నొచ్చుకోలేదు.

"ఒకరోజు జింక మీద గురి తప్పాను, నిజమే. మర్నాడు ఈ రైఫిల్ తప్పలేదు. తగిలింది జింకకు కాదు."

అతని భుజాల మీద మంచుపొడి. స్టవ్ పక్కనే ఉన్నా కరగలేదు.

"కొనే తీరతానంటే, గొట్టం నేలకు దించి సేఫ్టీ తియ్యి. ఆరోజు దాన్ని పట్టుకున్నవాడి తప్పు లేదు. వాడికి చెప్పు."

"ఎవరికి?"

దుకాణదారు తూటాల పెట్టెతో లోపలినుంచి వచ్చాడు. నోరా అటు చూసి తల తిప్పేసరికి స్టవ్ దగ్గర ఎవరూ లేరు.

దారిలో ట్రక్కులో మాంసం కూరిన వేడివేడి పాస్టీ ఒకటి ఇద్దరూ పంచుకున్నారు. రైఫిల్ పసిపాపలా ఆమె ఒళ్లో ఉంది.

"నాకన్నా దాన్నే ముద్దుచేస్తున్నావు," అన్నాడు ఆర్వో.

"అది నాకు అడ్డు చెప్పదుగా."

తెల్లవారింది. అడవిలో ఆర్వో ముందు, నోరా వెనక. అతను హఠాత్తుగా ఆగి చెయ్యెత్తాడు. చెట్ల మధ్య జింక.

ఆమె బొటనవేలు సేఫ్టీ మీదికి వెళ్లింది. గొట్టం ఎదురుగా ఆర్వో వీపు.

ఎందుకో ఆ మాట గుర్తొచ్చింది. గొట్టం నేలకు దించి, సేఫ్టీ తీసింది.

రైఫిల్ పేలింది. ఆర్వో మడమ పక్కన మంచు ఎగిరిపడింది.

గుడిసెలో మామగారు లౌరి కత్తెర పట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చాడు. "కోడలైనా సరే, చొక్కా అంచు ఇవ్వాల్సిందే."

"నా వేలు ట్రిగ్గర్ మీద లేదు మామయ్యా. నిన్న దుకాణంలో ఒకాయన ముందే చెప్పాడు. ఆరోజు పట్టుకున్నవాడి తప్పు కూడా లేదన్నాడు."

కత్తెర ఆగింది.

లౌరి రైఫిల్ తీసుకున్నాడు. కర్రపిడి అడుగున పాత గాటు మీద ఆయన బొటనవేలు నిలిచిపోయింది.

"ఎలా ఉన్నాడు?"

"ముప్పై ఏళ్లుంటాయి. ఎర్రగళ్ల చొక్కా. మేం నవ్వాం. ఒక థాంక్స్ కూడా చెప్పలేదు."

లౌరి గోడ దగ్గరికి నడిచాడు. వరసగా కొట్టిన గుడ్డముక్కల్లో ఒకటి ఎర్రగళ్లది. కింద నలభై ఏడేళ్ల నాటి తేదీ.

"మర్నాడు ఈ రైఫిల్ నా చేతిలో ఉంది. నాకు పదిహేనేళ్లు. సేఫ్టీ తీశాను, పేలింది. నా వేలే ట్రిగ్గర్‌కు తగిలిందనుకున్నారు అందరూ. నేనూ అదే అనుకున్నాను, ఇన్నాళ్లూ. ఆ చలికాలమే నాన్న దీన్ని అమ్మేశాడు."

ఆయన ఆ గుడ్డముక్కను మెల్లగా నిమిరాడు.

"నా ముందు నడిచింది మా అన్నయ్య ఒలావి. అంచు తెగిన ఆ చొక్కాతోనే అతన్ని పాతిపెట్టాం."