రెండు కొనల తీగ

ఈ రోజు ఇంట్లో అమ్మ, చిన్నాయన, నాన్నను కన్న జేజి, నేను ఉన్నాం. గోడలను కూడా లెక్కవేస్తే వీధి వీధంతా మా ఇంట్లోనే ఉంది. ఎవరు ఏ కెమెరా, ఏ వీడియో తెరిచినా అది గాలిలో ఎగిరి అందరి గోడల మీదా ఆడుతుంది. పొద్దున ఎదురింటి దోసె మా వంటింటి గోడ మీద మాడుతుంటే, "ఓబులమ్మక్కా, తిరగెయ్!" అని అమ్మ గోడకే కేక పెట్టింది.

మొన్న సిగ్నల్ పోయిన పూట నేను ఒక్కదాన్నే కోలాటం ఆడి, జేజి పాత ట్యాబ్‌లో తీసుకున్న వీడియో ఒకటుంది. దాన్ని జేజికి మాత్రమే చూపాలని నా ఆశ. గోడల మీద పడితే ఇక వీధిలో తలెత్తలేను. "ఇంత సిగ్గు ఎవరి పోలికో!" అంటుంది అమ్మ.

సంగతి చెబితే జేజి నవ్వింది. తన గదిలో రవికెలు ఆరేసుకునే దండేన్ని మేకుల నుంచి విప్పింది.

"ఇది టీవీ తీగ పాపా. మా కాలంలో బొమ్మ దీంట్లోంచే పోతాండె. రెండే కొనలు. మూడో మనిషికి తెలీదు."

ఒక కొన ట్యాబ్‌కు, ఇంకో కొన మూలనున్న పాత టీవీకి గుచ్చింది. టీవీలో నేను ప్రత్యక్షమయ్యాను. పరుగెత్తి వంటింటి గోడ చూశాను. అక్కడ ఓబులమ్మక్క పప్పు ఉడుకుతోంది, అంతే! గంతులు వేస్తూ వెనక్కి వచ్చాను.

అప్పటికే జేజి కొంగు బొడ్లో దోపుకుని, నా కోలలు పట్టుకుని టీవీ ముందు నిలబడింది.

"ఎదురుకోల లేకుండా ఆడినావేమ్మే?"

టీవీలో నేను కోల చాపినప్పుడల్లా జేజి తన చేతి కోల ఎదురిచ్చింది. గిర్రున తిరిగి, గుమ్మంలో నన్ను చూసి నాలుక కరుచుకుంది.

"నువ్వు సూస్తాంటే నాకు సిగ్గుమే, అవతలికి పో!" అని నన్ను బయటికి నెట్టి తలుపేసుకుంది.