మెత్తళ్ళ వాసన

"ఈ వాసనలో మా అమ్మాయి ఏం నేర్చుకుంటుందండీ?"

రాజమహేంద్రవరం నుంచి కారులో వచ్చిన పెద్దమనిషి ముక్కుకి కర్చీఫ్ అడ్డం పెట్టుకుని అడిగాడు.

మణిదీప్‌కి తల కొట్టేసినట్టయింది.

అతని షెడ్డు పక్కనే, ఒక ముసలావిడ ఇసుక మీద పాత వల పరిచి మెత్తళ్ళు అనే సన్న చేపలు ఆరబోస్తోంది. పట్టుమని రెండు దోసిళ్ళు లేవు. వాసన మాత్రం ఊరంతటికీ సరిపోతుంది.

పెద్దమనిషి కూతురు దుర్గాశ్రీకి ఆ గొడవేం పట్టలేదు. బోర్డు పట్టుకుని అప్పటికే నీళ్ళలోకి దిగిపోయింది.

నరసాపురం అవతల, జాలర్ల పాలెం ఒడ్డున మణిదీప్ ఆ సర్ఫింగ్ స్కూలు పెట్టి ఒక్క సీజను కూడా పూర్తి కాలేదు. అల మీద బల్లేసుకుని నిలబడటం నేర్పడానికి ఇంత ఖర్చవుతుందని అతను కలలో కూడా అనుకోలేదు. బోర్డులు చెన్నై నుంచి లారీలో వస్తే కొన్ని దారిలోనే విరిగాయి. లైఫ్ జాకెట్లు కొన్నాడు. ఎవరైనా కొట్టుకుపోతే తేవడానికి ఇంజను పడవ కొన్నాడు. ఇన్సూరెన్సు కట్టాడు. ఆడపిల్లలు బట్టలు మార్చుకోవడానికి గది కట్టించాడు. మంచినీళ్ళకని బోరు వేయిస్తే ఉప్పునీళ్ళు పడ్డాయి. తండ్రి మిగిల్చిన కొబ్బరితోట బ్యాంకు తాకట్టులో ఉంది. స్కూలు నిలబడకపోతే తోట పోతుంది.

ఒక్క స్థలానికి మాత్రం పాలెం వాళ్ళు పైసా అడగలేదు. తన మాటలకి పడిపోయి ఇచ్చారని మణిదీప్ నమ్మకం. స్నేహితుల దగ్గర ఆ సంగతి గొప్పగానే చెప్పుకున్నాడు.

అతను ముసలావిడ దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, ఇవి వేరేచోట ఆరబెట్టుకోండి. ఒడ్డంతా ఖాళీగానే ఉంది కదా."

"ఖాళీగా కనపడుద్ది బాబూ. ఎవరి చోటు వాళ్ళకుంది."

"ఈ కాసిని చేపలకి మీకేం మిగులుతుంది? ఆ డబ్బులు నేనిస్తాను."

ఆవిడ డబ్బు మాట వినిపించుకోలేదు. నీళ్ళకేసి చూస్తోంది. అక్కడ దుర్గాశ్రీ బోర్డు మీద లేచి నిలబడి, అంతలోనే నీళ్ళలో పడి, నవ్వుతూ పైకి లేచింది.

"నిలబడింది బాబూ" అంది ముసలావిడ. "పుట్టిందగ్గర్నుంచీ ఈ ఒడ్డునే ఉన్నాను. మా ఆడోళ్ళని పడవ ఎక్కనివ్వరు. మోకాలు తడిస్తే ఎక్కువ. అల మీద ఆడపిల్ల నిలబడ్డం ఇప్పుడే చూస్తున్నా."

మణిదీప్‌కి కబుర్లు వినే ఓపిక లేదు. అవతల పెద్దమనిషి కారు తాళాలు చేతిలోకి తీసుకున్నాడు.

"చూద్దురుగాని లెండి. ముందు ఇవి తీసెయ్యండమ్మా."

"ఆ మూల ఒక్క దోసెడు ఉంచుకోనా? పిల్లలకి అడ్డం రానివ్వను."

"దోసెడైనా వాసన వాసనే కదమ్మా. ఒక్క చేప కూడా వద్దు."

ఆవిడ అతని మొహంలోకి చూసింది. మెత్తళ్ళు కొంగులోకి ఎత్తుకుంది. వల మడిచి చంకలో పెట్టుకుని, వెళ్తూ వెళ్తూ మరోసారి నీళ్ళవైపు చూసింది.

ఆ తర్వాత మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు.

ఆ సాయంత్రం మణిదీప్‌కి మనసులో కాస్త కలుక్కుమంది. కానీ ఆ పెద్దమనిషి మర్నాడే ఇంకో రెండు కుటుంబాలని వెంటబెట్టుకొచ్చాడు. ఆదివారాలు బోర్డులు చాలలేదు. బ్యాంకు వాయిదా మొదటిసారి గడువులోపల కట్టగలిగాడు. ఆ సంబరంలో ముసలావిడని మర్చిపోయాడు.

నెల దాటాక ఒక పొద్దున్న అతను వచ్చేసరికి షెడ్డు ముందు వెదుళ్ళు దింపుతున్నారు. దింపిస్తున్నది అచ్చిబాబు, పాలెంలో చేపల వ్యాపారి.

"ఏంటండి ఇది?"

"ఐసు షెడ్డు వేసుకుంటున్నానండి. పెద్దలు ఈ ముక్క నాకిచ్చారు. మీ సామాన్లు రేపటికల్లా తీయించెయ్యండి."

మణిదీప్ పరుగున పాలెం పెద్ద భీమరాజు ఇంటికి వెళ్ళాడు. ఆయన అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు.

"ఇదేం న్యాయమండి? నాకిచ్చిన స్థలం వేరేవాళ్ళకెలా ఇస్తారు? అద్దె కావాలంటే ఇస్తాను."

"మేమివ్వలేదండి. మీరు అడిగిన రోజు ఊరి కూటంలో అందరం వద్దనే అన్నాం. ఆడపిల్లలకీ నేర్పుతారని విని వీరమ్మ తన వాటా ఇచ్చింది."

"వీరమ్మ ఎవరండి?"

భీమరాజు చేతిలో పని ఆపాడు.

"మీ షెడ్డు పక్కన మెత్తళ్ళు ఆరబోసే ముసలామె."

మణిదీప్ ఒడ్డువైపు తిరిగి చూశాడు.

"ఒడ్డు మీద ఇంటికో వాటా ఉంటదండి, చేపలు ఎండబెట్టుకోడానికి. నెల్లాళ్ళు చేప ఆరకపోతే ఆ వాటా ఊరిదైపోద్ది. తాతలనాటి కట్టుబాటు. నేను మార్చగలిగేది కాదు."

"నాకొక్క మాట చెప్పాల్సిందండి."

"చెప్పొద్దని ఒట్టేయించుకుంది. ఒకరికి పెట్టింది పైకి చెప్పుకోకూడదంది."

"ఆవిడెక్కడుందో చెప్పండి. వెళ్ళి కాళ్ళు పట్టుకుంటాను."

"భీమవరం అవతల రొయ్యల షెడ్డులో పనికి వెళ్ళిపోయింది. ఇప్పుడామె తిరిగొచ్చినా వాటా తిరిగి రాదు బాబూ."

మణిదీప్ అరుగు అంచున కూర్చున్నాడు. తండ్రి తోట కళ్ళముందు మెదిలింది. కానీ అంతకంటే, ఆవిడ పేరైనా అడగలేదే అన్న సిగ్గు అతన్ని తలెత్తనివ్వలేదు.

"ఆవిడకి చేపలు ఆరబెట్టి అమ్ముకునే చోటు ఇంకెక్కడైనా చూపిస్తే..." అని ఏదో అనబోయాడు.

"అమ్ముకోడమేంటండి, మీకు చోటిచ్చిన రోజే ఆవిడ వ్యాపారం పోయింది" అన్నాడు భీమరాజు. "మీ స్కూలు అక్కడ ఉండాలని, తన కూలిడబ్బుల్లోంచి రోజూ కాసిని మెత్తళ్ళు కొనుక్కొచ్చి ఆ మూల ఆరబోసేది."