మిషనుకు పెట్టిన బొట్టు

“మంచి పని జరుగుతాంది. జర బయట కూసో అమ్మా.”

కాశిబుగ్గ నేత సంఘం అధ్యక్షుడు వీరభద్రం ఆ మాట అన్నది గుమ్మంలో నిలబడ్డ ఒకావిడతో. యాభై దాటిన మనిషి, చేనేత చీర, నుదుట బొట్టు లేదు. ఆ నుదురు చూసే బయట కూర్చోమన్నాడని ఆవిడకూ తెలిసింది, లోపలున్న యమునకూ తెలిసింది.

“జంపఖానాల పని చూద్దామని వచ్చిన అన్నా. నేను...”

“చూద్దువుగని. సాయంత్రం దాక మాకు తీరిక లేదు.”

ఆవిడ వెళ్లి వరండాలో బెంచీ మీద కూర్చుంది.

యమునకు సిగ్గేసింది. కానీ సంఘంలో గుమాస్తాగా ఈమధ్యే చేరింది. పెద్దాయనకు ఎదురు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు.

పైగా తల మీద కొండంత పని ఉంది. హైదరాబాదులో హోటళ్లకు జంపఖానాలు కొనే ప్రేమలత మేడంకు డిజైన్ కాగితాలు నాలుగింటిలోగా స్కాన్ చేసి మెయిల్ పంపాలి. ఫోన్‌లో ఫోటోలు తీస్తే గళ్లు వంకరపోతున్నాయి, అవి పనికిరావని మేడం ఆఫీసు వాళ్లు ముందే చెప్పారు. ఆర్డరు వస్తే ఏడాదంతా మగ్గాలు ఆడతాయి. రాకపోతే యమున మొగుడితో సహా సగం మంది మగ్గం దిగి వాచ్‌మెన్ పనికి పోవలసిందే.

అందుకే కొత్త మిషను కొన్నారు. ప్రింటు, జిరాక్సు, స్కానింగు అన్నీ అదే చేస్తుంది. దించి వెళ్లిన షాపతను స్కానింగును కంప్యూటరుకు కలపడం మాత్రం మర్చిపోయాడు. ఫోన్ చేస్తే తొర్రూరులో పెండ్లిల ఉన్నానన్నాడు.

“ఇగ మనమే చేసుకోవాలె కాకా,” అంది యమున.

“నీకొస్తదా?”

“రాదు. చేస్తే వస్తది.”

కంప్యూటర్లో ఒక ఫోల్డరు తెరిచింది. మిషనును వైరుతో నెట్‌వర్కుకు కలిపింది. ఆ ఫోల్డరు చిరునామాను మిషను మీది చిన్న తెర మీద ఒక్కో అక్షరమే నొక్కింది. తీరా కాగితం పెట్టి మీట నొక్కితే, కలవలేదు పొమ్మంది. మళ్లీ నొక్కితే మళ్లీ అదే మాట.

యమున మిషనుతో వచ్చిన పుస్తకం తిరగేసి, కాసేపటికి నవ్వింది.

“కాకా, మన కంప్యూటరుకు పాస్‌వర్డ్ లేదు కద. యాదికుంటలేదని నువ్వే తీసేయించినవ్. తాళం లేని ఇంట్లకు ఇది పోదట.”

“తాళం లేకుంటే దొంగ సుత సంబురంగ వస్తడు. దీనికేం రోగం?”

పాస్‌వర్డ్ పెట్టింది. అదే మిషనుకూ చెప్పింది. ఈసారి కాగితం బుద్ధిగా లోపలికి పోయింది, డిజైన్ కంప్యూటర్లో కనిపించింది. వీరభద్రం చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాడు.

“గా ఎర్రగీత ఏంది?”

జంపఖానా బొమ్మ మీద పైనుంచి కిందిదాకా ఎర్రగీత. రెండో కాగితానికీ అదే గీత, అదే చోట. నేతలో గీతంటే దారం. లేని దారాన్ని పంపితే ఆర్డరు అక్కడే తెగుతుంది.

“కాగితం మీద లేదంటే మిషన్లనే ఉన్నట్టు,” అని యమున మూత ఎత్తింది.

లోపల ఒక పక్కగా ఉన్న సన్న అద్దం మీద గుండ్రంగా, ఇంపుగా కుంకుమ బొట్టు.

ఎవరు పెట్టారో అడగక్కర్లేదు. కొత్త మగ్గానికి పెట్టినట్టే వీరభద్రం కొత్త మిషనుకూ పసుపూ కుంకుమా పెట్టాడు. భక్తి ఎక్కువై మూత లోపల కూడా వదల్లేదు. కాగితాలన్నీ ఆ అద్దం మీదుగానే జారాలి కనుక బొట్టు కాస్తా ప్రతిదాని మీదా గీతై సాగుతోంది.

యమున చున్నీ కొస పట్టుకుంది.

“ఆగు.” వీరభద్రం గొంతు మారింది. “పుస్తె కట్టుకున్న పిల్లవు. పెట్టిన బొట్టు నీ చేతులతోని తుడుస్తవా?”

“మరి నువ్వు తుడువు కాకా.”

“నా ఇంట్ల సుత ఆడమనిషి ఉంది కద బిడ్డా.”

యమునకు ఇలాంటి వాటి మీద నమ్మకం లేదు. అయినా మగ్గం గుంటలో కూర్చున్న మొగుడు గుర్తొచ్చి చెయ్యి ఆగింది. నాలుగు కావస్తోంది. ఇద్దరూ ఆ బొట్టు వంకే చూస్తూ నిలబడ్డారు.

“నేను తుడుస్త.”

గుమ్మంలో ఇందాకటి ఆవిడ.

“నాకు పోయేదేం లేదు. ఎప్పుడో పోయింది,” అంది మామూలుగా.

వీరభద్రం తల దించుకున్నాడు. వద్దనలేదు, రమ్మననూ లేదు. ఆవిడే లోపలికొచ్చి, కొంగు తడిపి, పసిబిడ్డ మూతి తుడిచినంత మెత్తగా ఆ అద్దాన్ని తుడిచింది. తర్వాత మిషను పక్కనే ఉన్న కుంకుమ భరిణె అందుకుని పెద్దాయన చేతిలో పెట్టింది.

“పైన పెట్టు అన్నా. ఎంత పెద్దదైనా పెట్టు. లోపల మాత్రం వద్దు.”

యమునకు ఆవిడ కాళ్లకు మొక్కాలనిపించింది. అంత టైము లేదు. కాగితాలన్నీ పేర్చి మీట నొక్కింది. గళ్లు గళ్లుగా, రంగు చెదరకుండా ఒక్కో జంపఖానా తెర మీద పరుచుకుంది. నాలుగు కొట్టకముందే మెయిల్ వెళ్లిపోయింది.

ఈసారి వీరభద్రం చప్పట్లు కొట్టాడు. మగ్గాల మీంచి అందరూ లేచొచ్చారు.

“మా యమున చేసింది. షాపోడు లేడు, ఎవ్వడు లేడు,” అని వచ్చినవాళ్లందరికీ మళ్లీ మళ్లీ చెప్పాడు. యమునకు కళ్లల్లో నీళ్లొచ్చాయి. జన్మలో అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఆ సందడిలో ఆవిడ మళ్లీ వరండాలోకి పోయింది.

“కాకా, ఆమెను లోపలికి పిలిచి చాయ్ ఇద్దాం.”

“ఇద్దాం బిడ్డా. తప్పు చేసిన, నేనే పిలుస్త. ముందుగాల మేడంకు ముట్టినయో లేవో అడుగు.”

యమున ప్రేమలత మేడం నంబరు నొక్కి ఫోను చెవికి పెట్టుకుంది.

“ముట్టినయ్ బిడ్డా, గీత లేకుంట సక్కగున్నయ్, ఇగ మగ్గాలకు పడుగులు ఎక్కించుకోండ్రి,” అన్న గొంతు ఆమెకు ఒక చెవిలో ఫోనులోంచి, ఇంకో చెవిలో వరండాలోంచి వినిపించింది.