తప్పు జవాబులు

“ఈసారైనా పాసవుతుందా మీ అమ్మ?”

ఫోన్‌లో భర్త తేజేశ్వర్ గొంతు వినగానే జయంతి కుర్చీలోంచి లేచి, ఇమ్మిగ్రేషన్ ఆఫీస్ వెయిటింగ్ హాల్లో ఓ మూలకి నడిచింది. తల్లి నాగమల్లేశ్వరి లోపలికి వెళ్ళి ఐదు నిమిషాలు కూడా కాలేదు.

“పాసవుతుంది. వంద ప్రశ్నలూ దగ్గర కూర్చుని చదివించాను.”

“మొన్నా ఇదే చెప్పావు. బయటికి రాగానే టికెట్లు బుక్ చెయ్యి. ఆష్‌బర్న్‌లో ఇల్లు తీసుకుని ఎనిమిది నెలలైంది, ఒక్కణ్ణే పడి ఉన్నాను. నా ఓపిక ఎంతో నీకు తెలుసుగా.”

తెలుసంది జయంతి.

నిరుడు డిసెంబర్‌లో అతనికి వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో ఉద్యోగం వచ్చింది. ముగ్గురూ కలిసే ఇక్కడ ఫ్రీమాంట్‌లో ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోవాలనుకున్నారు. అంతలో నాగమల్లేశ్వరి తనకి సిటిజన్‌షిప్ కావాలని పట్టుబట్టింది. ఏనాడూ నోరు తెరిచి ఇది కావాలని అడిగిన మనిషి కాదు. అలాగని ఆ కోరికని తప్పుపట్టడానికీ లేదు. ఒకసారి ఇండియాలో పది నెలలు ఉండిపోయి తిరిగొస్తే, ఎయిర్‌పోర్ట్‌లో నిలబెట్టి గ్రీన్‌కార్డ్ లాక్కున్నంత పని చేశారు.

ఫారం నింపే రోజుల్లో జయంతి కుడి మణికట్టుకి కట్టు ఉంది. బాత్రూంలో జారిపడ్డానని ఆఫీసులో చెప్పి వారం సెలవు పెట్టింది. అందుకని ఫారమంతా తల్లే కూర్చుని నింపుకుంది. ముప్పై ఏళ్ళు తెనాలి పోస్టాఫీసులో రాసిన చెయ్యి కదా, ఒక్క కొట్టివేత లేదు. అది పోస్టులో వేసొచ్చి, ఫైలు నడుస్తుండగా రాష్ట్రం మారితే అది ఏ ఆఫీసులో ఇరుక్కుంటుందో చెప్పలేమనీ, పరీక్ష అయ్యేదాకా తనూ కూతురూ ఇక్కడే ఉంటామనీ అల్లుడితో చెప్పింది. తేజేశ్వర్‌తో పనిచేసే ఒకాయన ఫైలు అలాగే ఏడాదిపాటు ఆచూకీ లేకుండా పోయిందట. దాంతో అతను కాదనలేక, ఆవిడ పాసయిన మర్నాడే ఇద్దరూ బయల్దేరాలని గట్టిగా చెప్పి జనవరిలో వెళ్ళిపోయాడు.

జూన్‌లో పిలుపొచ్చింది. నాగమల్లేశ్వరి తప్పింది.

చదవడం, రాయడం చక్కగా చేసిందట. ప్రశ్నల దగ్గరే బోల్తా కొట్టింది. రాజధాని ఏదంటే ఢిల్లీ అంది. స్వాతంత్ర్య దినం ఆగస్టు పదిహేనంది. రాష్ట్రాలు ఎన్నంటే ఇరవై ఎనిమిదంది. ఆ ఆఫీసరు పంజాబీ ఆవిడ. జవాబులన్నీ కరెక్టేగానీ దేశమే వేరని నవ్వి, రెండు నెలల తర్వాత ఇంకొక్కసారి రమ్మందట. ఇదంతా నాగమల్లేశ్వరి ఇంటికొచ్చాక ఏ మాత్రం సిగ్గు లేకుండా చెప్పుకొచ్చింది.

ఆ కబురు విని తేజేశ్వర్ అరగంటసేపు తిట్టాడు. జయంతి వంటింటి గోడకి ఆనుకుని అంతా విన్నది. చిత్రంగా ఆ పూట భోజనానికి కూర్చుని మారు వడ్డించుకుంది. ఎందుకంత ఆకలేసిందో తనకే అర్థం కాలేదు.

మర్నాటినుంచి దిగులు పట్టుకుంది. గుంటూరు జిల్లాలో ఏ ఊరి పేరు చెప్పినా పిన్‌కోడ్ ఠక్కున చెప్పే మనిషికి ఈ వంద ప్రశ్నలు ఎందుకు తలకెక్కడం లేదు? మతిమరుపు మొదలైందేమోనని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళింది. పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నారు. అయినా జయంతికి నమ్మకం కుదరలేదు. పొద్దున కాఫీ తాగుతూ, సాయంత్రం వాకింగ్‌లో, కూర తరుగుతూ, ప్రశ్నలు అడుగుతూనే ఉంది. తల్లి ఒకరోజు చెప్పేది, ఒకరోజు తడబడేది. ఆ తడబాటు చూస్తే జయంతికి ఏడుపొచ్చేది. ఇంకో నాలుగేళ్ళకి తన పేరైనా గుర్తుంటుందా అనిపించేది.

తలుపు తెరుచుకుంది. నాగమల్లేశ్వరి చేతిలో కాగితంతో తాపీగా నడిచొచ్చింది.

“పోయిందే,” అంది. “ఇంక ఛాన్స్ లేదట. కావాలంటే మళ్ళీ మొదటినుంచి అప్లై చేసుకోవాలట. ఈసారి ఏడాది పట్టినా పట్టొచ్చట.”

జయంతి కార్‌లో కూర్చుందేగానీ స్టార్ట్ చేయడానికి చేతులు రాలేదు. హోల్డర్‌లో ఉన్న ఫోన్ మోగింది. తేజేశ్వర్. ఆగి, మళ్ళీ మోగింది. ఏం చెప్పాలి అతనికి? ఇంకో ఏడాది అంటే వింటాడా? సాయంత్రం ఫ్లయిట్‌కే దిగుతాడు. తల్లి మీద కోపం, జాలి కలిసి కళ్ళవెంట నీళ్ళు వచ్చేశాయి.

“ఇవాళ ఏమడిగారమ్మా?”

“సెనేటర్లు ఎంతమందని అడిగారు. రెండొందల నలభై ఐదన్నాను.”

“అది మన రాజ్యసభ. నిన్న సాయంత్రం కూడా చెప్పానుగా, ఇక్కడ...”

“ఇక్కడ వందమంది,” అంది నాగమల్లేశ్వరి అద్దంలోంచి ఎదురుగా చూస్తూ. “ఒక్కొక్కరికి ఆరేళ్ళు. సుప్రీంకోర్టులో జడ్జీలు తొమ్మిదిమంది. రాజ్యాంగానికి సవరణలు ఇరవై ఏడు. ప్రెసిడెంట్‌ని ఎన్నుకునేది నవంబర్‌లో.”

ఎక్కడా తడబాటు లేదు. జయంతి కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయి తల్లివైపు తిరిగింది.

“అన్నీ వచ్చు నీకు. మరి రెండుసార్లూ ఎందుకిలా చేశావు?”

ఫోన్ మూడోసారి మోగింది. నాగమల్లేశ్వరి చెయ్యి చాచి దాన్ని ఆపేసింది. కూతురి మొహంలోకి చూసి, చాలా నెమ్మదిగా అంది.

“అతను నిన్ను కొట్టడం చూశాను జయా.”